దొంగ చెయ్యి డీవీఆర్ మీద పడేలోపు

సంక్రాంతి, దసరా సెలవులు అయ్యాక జిల్లా పేజీల్లో వచ్చే దొంగతనం వార్తలు చదివితే ఒక వాక్యం తరచూ తగులుతుంది: పోతూ పోతూ దొంగలు సీసీ కెమెరాల రికార్డింగ్ దాచే డీవీఆర్ డబ్బాను కూడా ఎత్తుకెళ్లారు. ఇంటి చుట్టూ నాలుగు కెమెరాలు ఉన్నాయి. గోడ దూకడం, తాళం పగలగొట్టడం, బీరువా తెరవడం అన్నీ రికార్డయ్యే ఉంటాయి. ఆ రికార్డంతా ఒక డబ్బాలో ఉంది, ఆ డబ్బా ఇప్పుడు దొంగ సంచిలో ఉంది. దాన్ని వెతకడానికి అతను పెద్దగా కష్టపడి కూడా ఉండడు. టీవీ కింద అరలోనో, రౌటర్ పక్కనో, మెట్ల కింద గూట్లోనో నాలుగు నల్ల వైర్లు వచ్చి చేరే చోట చీకట్లో ఒక నీలం లైటు మిణుకుమిణుకుమంటూ తనే దారి చూపిస్తుంది.

‘ఫోన్లో ఇల్లంతా కనబడుతోంది కదా, అంటే క్లౌడ్‌లో, ఇంటర్నెట్ మీద ఎక్కడో దూరంగా, దాచి ఉన్నట్టే కదా’ అన్నది చాలామంది ధీమా. కెమెరాలు బిగించిన కుర్రాడు ఫోన్లో యాప్ వేసి, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసిచ్చి వెళ్లిపోతాడు. ఆ రోజు నుంచి ఆఫీసులో కూర్చుని గేటు చూసుకోవచ్చు, నిన్న సాయంత్రం ఎవరొచ్చారో వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. కానీ యాప్ తెరిచినప్పుడు కంపెనీ సర్వర్ చేసేది పెళ్లిళ్ల పేరయ్య పని మాత్రమే. ఫోన్‌నూ ఇంట్లో ఉన్న డీవీఆర్‌నూ కలిపి పక్కకు తప్పుకుంటుంది. నిన్నటి వీడియో కూడా అప్పటికప్పుడు ఇంట్లోని హార్డ్‌డిస్క్ నుంచే ఫోన్‌కు వస్తుంది. డీవీఆర్ ప్లగ్ పీకేస్తే యాప్‌లో ‘డివైస్ ఆఫ్‌లైన్’ అన్న మాట తప్ప ఇంకేమీ కనబడదు. దూరం నుంచి చూడటం ఒక సేవ, దూరంగా దాచడం ఇంకో సేవ. రెండోదానికి విడిగా డబ్బు కట్టాలి, లేదంటే సొంతంగా ఏర్పాటు చేసుకోవాలి.

ఆ ఏర్పాటు గురించి ఆలోచించేటప్పుడు ఆఫీసు అలవాటు అడ్డొస్తుంది. ఆఫీసుల్లో బ్యాకప్ అంటే పగలంతా పని చేసుకుని, రాత్రి 2 గంటలకు కంప్యూటర్ తనంతట తాను కాపీ తీసుకోవడం. కెమెరా రికార్డింగులకు ఈ పద్ధతి దాదాపు దండగ. దొంగ ఒంటిగంటకు వచ్చి ఒంటిగంటన్నరకు డీవీఆర్‌తో సహా వెళ్లిపోతే, 2 గంటల బ్యాకప్‌కు కాపీ చేయడానికి ఏమీ మిగలదు. అంతకుముందు రోజు వచ్చిన పాలవాడు, పేపర్ బాయ్, పక్కింటి పిల్లి అందరూ క్లౌడ్‌లో క్షేమంగా ఉంటారు. కావలసిన ఆ అరగంట మాత్రం ఉండదు. పెళ్లి ఫొటోలున్న హార్డ్‌డిస్క్ పాడైపోవడానికీ పెళ్లికీ సంబంధం లేదు. ఇక్కడ మాత్రం రికార్డయిన సంఘటనే రికార్డును మాయం చేస్తుంది. అందుకే కెమెరా బ్యాకప్‌లో మొదట అడగాల్సింది ఎన్ని టీబీలు, ఎన్ని రోజులు అని కాదు. గేటు దగ్గర మనిషి కనబడ్డ క్షణం నుంచి ఆ దృశ్యం ఇల్లు దాటడానికి ఎన్ని సెకన్లు పడుతుంది అని.

ఆంధ్రప్రదేశ్ పోలీసులు తెచ్చిన ఎల్‌హెచ్‌ఎంఎస్, అంటే లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్, ఈ సూత్రం మీదే నడుస్తుంది. ఊరెళ్లేవాళ్లు యాప్‌లో అడిగితే పోలీసులే వచ్చి తాళం వేసిన ఇంట్లో ఒక కెమెరా పెడతారు. లోపల కదలిక కనబడగానే కంట్రోల్ రూమ్‌కు సమాచారం వెళుతుంది. ఆ తర్వాత దొంగ కెమెరాను పీకి పారేసినా చేరాల్సిన కబురు అప్పటికే చేరిపోయింది. ఇంటి యజమాని సొంతంగా చేసుకోవాల్సింది కూడా ఇదే పని, కాకపోతే కంట్రోల్ రూమ్ బదులు క్లౌడ్ ఖాతా.

అన్ని కెమెరాల వీడియోనూ 24 గంటలూ పైకి పంపేస్తే సరిపోదా? పంపవచ్చు గానీ లెక్క వేస్తే గుండె గుభేలుమంటుంది. 2 మెగాపిక్సెల్ కెమెరా వీడియోను కుదించే హెచ్.264 పద్ధతిలో సెకనుకు 2 మెగాబిట్ల వేగంతో రికార్డు చేస్తోందనుకుందాం. గంటకు 0.9 జీబీ, రోజుకు 21.6 జీబీ. నాలుగు కెమెరాలకు రోజుకు 86 జీబీ, నెలకు దాదాపు 2600 జీబీ. నెలకు 3300 జీబీ దాటగానే వేగం తగ్గించే ఫైబర్ ప్లాన్లు మన దగ్గర మామూలే. అందులో ముప్పాతిక పైగా కెమెరాలే మింగేస్తే మిగిలిన దాంతో ఇంటిల్లిపాదీ సర్దుకోవాలి. ఇంకా గట్టిగా కుదించే హెచ్.265కు మారితే ఈ అంకెలు సుమారు సగానికి పడతాయి. అప్పుడు కూడా ఇది చిన్న బరువేమీ కాదు. రోజుకు 2 జీబీ ఇచ్చే మొబైల్ డేటా మీద నడిచే ఇళ్లలో, పొలం షెడ్లలో ఈ ఊసే ఎత్తక్కర్లేదు. ఒక్క కెమెరాకే ఆ 2 జీబీ రెండు గంటల పైచిలుకులో అయిపోతుంది.

కాబట్టి పైకి వెళ్లాల్సింది కదలిక ఉన్నప్పటి ముక్కలు. 30 సెకన్ల క్లిప్పు అదే నాణ్యతలో 7.5 ఎంబీ. రోజుకు 100 క్లిప్పులు వెళ్లినా 750 ఎంబీ, నెలకు 22.5 జీబీ. 2600 ఎక్కడ, 22 ఎక్కడ. పూర్తి రికార్డింగ్ ఇంట్లో డిస్క్ మీదే ఉంటుంది, క్లిప్పులు మాత్రం బయటికి పోతాయి. ఎక్కువ ఇళ్లకు ఇదే తగిన పద్ధతి.

ఇందులో తిరకాసు ఏమిటంటే, కదలికంటే ఏమిటో కెమెరాకు సరిగ్గా తెలియదు. పాత రకం మోషన్ డిటెక్షన్ చిత్రంలో చుక్కలు మారాయా లేదా అని మాత్రమే చూస్తుంది. అరటాకు ఊగినా కదలికే, వీధిలో కారు లైటు గోడ మీద పడినా కదలికే. అన్నిటికన్నా పెద్ద బెడద సాలీడు. రాత్రిపూట కెమెరా చుట్టూ ఉండే ఇన్‌ఫ్రారెడ్ దీపాలకు పురుగులు వస్తాయి, పురుగుల కోసం సాలీడు వచ్చి సరిగ్గా లెన్సు ముందే గూడు అల్లుతుంది. గాలికి ఆ దారం కదిలినప్పుడల్లా తెల్లటి తాడు తెరంతా ఊగినట్టు కనబడి ఒక క్లిప్పు పైకి పోతుంది. తెల్లారేసరికి 300 నోటిఫికేషన్లు. రెండు రాత్రులు ఓపిక పట్టి మూడో రోజు యజమాని నోటిఫికేషన్లు ఆపేస్తాడు, నెలాఖరుకు రికార్డింగ్ సెట్టింగే తీసేస్తాడు. మనిషిని గుర్తుపట్టే కెమెరాకు నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టడం ఇక్కడే కలిసొస్తుంది. పదిహేను రోజులకోసారి పొడి గుడ్డతో కెమెరా ముఖం తుడవడం కూడా బ్యాకప్ పనిలో భాగమే అంటే నవ్వొస్తుంది గానీ, అది నిజం.

సెకన్ల సంగతికి వద్దాం. పాత ల్యాప్‌టాప్‌లోనో చిన్న రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్ మీదో కెమెరా వీడియోను ఆర్‌టీఎస్‌పీ (నెట్‌వర్క్ మీదుగా వీడియో అందుకునే పద్ధతి) ద్వారా తీసుకుని, ఆర్‌క్లోన్ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌తో క్లౌడ్‌కు ఎక్కించే పద్ధతి ఓపిక ఉన్నవాళ్లలో బాగా వాడుకలో ఉంది. అక్కడ కంటికి కనబడని ఆలస్యం ఒకటుంది. కొన్ని రికార్డింగ్ ప్రోగ్రాములు వీడియోను గంటకో ఫైలుగా రాస్తాయి. ఫైలు పూర్తయి మూతపడేదాకా అప్‌లోడ్ మొదలవదు. 1 గంట 5 నిమిషాలకు దొంగ వచ్చాడంటే ఆ ఫైలు మూతపడేది 2 గంటలకు. ఇంటర్నెట్ ఎంత వేగంగా ఉన్నా ఏం లాభం? ఫైలు నిడివిని నిమిషానికి తగ్గిస్తే లెక్క తలకిందులవుతుంది. ఒక నిమిషం వీడియో 15 ఎంబీ. 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద అది 12 సెకన్లలో వెళ్లిపోతుంది. కనబడిన మనిషి నిమిషంన్నర లోపే ఇల్లు దాటేశాడు. అప్పటికి దొంగ ఇంకా తాళంతోనే కుస్తీ పడుతూ ఉంటాడు.

ఎంపీ4 ఫైలుకు ఇంకో గుణం ఉంది. ఏ దృశ్యం ఎక్కడుందో చెప్పే విషయసూచికను మామూలుగా అది చివర్లో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే సూచిక లేని పుస్తకంలా మిగిలిపోయి ఏ ప్లేయర్‌లోనూ తెరుచుకోదు. సూచికను ముక్కముక్కకూ రాసుకునే ఫ్రాగ్మెంటెడ్ ఎంపీ4 గానీ, టీఎస్, ఎంకేవీ ఫార్మాట్లు గానీ ఎంచుకుంటే ఆగిన చోటుదాకా అయినా చూడొచ్చు. చిన్న సెట్టింగే. దొంగతనం జరిగిన మర్నాడు తెలిస్తే మాత్రం ఎందుకూ కొరగాదు.

కరెంటు మాట వచ్చింది కాబట్టి, గేటు పక్కన మీటర్ బోర్డులో మెయిన్ ఆపేసే దొంగ కెమెరాను చూడకుండానే అన్నిటినీ చంపేస్తాడు. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో కూడా చాలాసార్లు ఫ్యాన్లు, లైట్లు దాని మీద ఉంటాయి, రౌటర్, ఫైబర్ తెచ్చే ఓఎన్‌యూ డబ్బా మాత్రం ఉండవు. ఈ రెంటికీ కలిపి ఒక చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టడం ఖరీదైన క్లౌడ్ ప్లాన్ కన్నా ముందు చేయాల్సిన పని. కెమెరాకు కూడా అలాంటి ఆధారమే ఉండాలి, లేకపోతే దారి ఉంటుంది గానీ నడిచేవాడుండడు.

మన ఇళ్లలో ఇప్పటికీ ఎక్కువగా ఉన్నవి కోయాక్సియల్ వైరుతో డీవీఆర్‌కు కలిసే కెమెరాలు. వాటిలో మెమరీ కార్డు ఉండదు, సొంత ఇంటర్నెట్ ఉండదు, అంతా డీవీఆర్ చేతిలోనే. కొన్ని డీవీఆర్‌లలో కదలిక రాగానే ఫొటో తీసి ఈమెయిల్‌కు పంపే సదుపాయం, ఎఫ్‌టీపీ సర్వర్‌కు, అంటే ఫైళ్లు అందుకునే వేరే కంప్యూటర్‌కు, పంపే సదుపాయం ఉంటాయి. మెనూలో అడుగున పడి ఉండే వీటిని బిగించిన కుర్రాడు కూడా చూసి ఉండకపోవచ్చు. అవి కుదరనప్పుడు పాత డీవీఆర్‌తో తల పట్టుకునే బదులు గుమ్మం వైపు ఒక్క వైఫై కెమెరాను, దాని కంపెనీ క్లౌడ్ ప్లాన్‌తో సహా పెట్టుకోవడం నయం. అందులోనే 128 జీబీ కార్డు వేస్తే నిరంతరం రికార్డు చేసినా ఆరు రోజుల వీడియో పడుతుంది. నెట్ పోయిన సమయంలో ఆ కార్డే దిక్కు.

ఎక్కడ దాచాలి అన్నదాంట్లో మూడు దారులున్నాయి. కెమెరా కంపెనీ క్లౌడ్ తేలిక, క్లిప్పు వెంటనే పోతుంది, కానీ డబ్బు కట్టడం ఆగిన రోజు పాత క్లిప్పులకు కూడా భరోసా ఉండదు. బ్యాంకు కార్డు గడువు తీరి ఆటోపే ఆగిపోయిన సంగతి మూడు నెలల తర్వాత తెలిసే ఇళ్లు తక్కువేమీ కాదు. రెండోది గూగుల్ డ్రైవ్ లాంటి మామూలు ఖాతా. ఇక్కడ ఉచితంగా వచ్చే 15 జీబీ జీమెయిల్‌కూ ఫొటోలకూ కూడా ఉమ్మడి. పైన చెప్పిన కెమెరా నిరంతర వీడియోతో దాన్ని 17 గంటల్లోపే నింపేస్తుంది. నిండిన తర్వాత కొత్త మెయిళ్లు రావడం కూడా ఆగిపోతుంది. కెమెరా కోసం విడిగా ఒక ఖాతా తెరవకపోతే దొంగ రాకముందే బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇంటర్వ్యూ కబుర్లు పోగొట్టుకోవాల్సి వస్తుంది.

మూడోది అమెజాన్ ఎస్3, బ్యాక్‌బ్లేజ్ బీ2 లాంటి ఆబ్జెక్ట్ స్టోరేజ్, అంటే ఫైళ్లు దాచుకోవడానికి అద్దెకిచ్చే ఆన్‌లైన్ గోదాము. సాంకేతికంగా కాస్త చెయ్యి తిరిగినవాళ్లకే ఇది. అమెజాన్ 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లోనే డేటా సెంటర్ల రీజియన్ తెరిచింది కాబట్టి వరంగల్ ఇంటి క్లిప్పు సముద్రాలు దాటాల్సిన పని కూడా లేదు. దీని అసలు బలం అనుమతుల్లో ఉంది. ఇంట్లో కంప్యూటర్‌కు ఇచ్చే తాళంచెవికి ఫైళ్లు వేసే హక్కు మాత్రమే ఇచ్చి, తీసేసే హక్కు ఇవ్వకుండా ఆపొచ్చు, గుడి హుండీలా. పైగా ఆబ్జెక్ట్ లాక్ పెట్టి, 30 రోజుల దాకా ఎవరూ చెరపకూడదని బిగించవచ్చు. గడువు తీరినవి వాటంతట అవే పోయేలా నియమం రాసుకోవచ్చు. దొంగ ఆ కంప్యూటర్‌ను ఎత్తుకెళ్లి తెరిచినా పైనున్నది చెరగదు.

అన్ని దారుల్లోనూ కాచుకుని ఉండే గుంట ఒకటుంది, అది సింక్. ఆర్‌క్లోన్‌లో ‘కాపీ’ అంటే ఇక్కడ ఉన్నది అక్కడ కూడా ఉండేలా చేస్తుంది. ‘సింక్’ అంటే ఇక్కడ లేనిది అక్కడా లేకుండా చేస్తుంది. డీవీఆర్ డిస్క్ నిండగానే పాతవాటి మీదే కొత్తవి రాసుకుంటుంది. ఆ ఫోల్డర్‌ను సింక్‌లో పెడితే ఇంట్లో చెరిగిన వీడియో క్లౌడ్‌లోనూ చెరుగుతుంది. ఎవరైనా ఇంట్లోనే కూర్చుని ఫైళ్లు చెరిపేస్తే క్లౌడ్ విధేయంగా వాటిని అనుసరిస్తుంది. అది అద్దం, బ్యాకప్ అనిపించుకోదు.

ఇంటి దృశ్యం ఇల్లు దాటాక ఎవరెవరు చూస్తారన్న భయం ఊరికే వచ్చింది కాదు. 2024 ఫిబ్రవరిలో అమెరికా కంపెనీ వైజ్ సర్వర్లు ఆగి మళ్లీ లేచినప్పుడు దాదాపు 13,000 మంది వినియోగదారుల యాప్‌లలో వేరేవాళ్ల ఇళ్ల కెమెరా చిత్రాలు కనబడ్డాయి. 2025 ఫిబ్రవరిలో రాజ్‌కోట్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రి సీసీ కెమెరాల వీడియోలు టెలిగ్రామ్ గ్రూపుల్లో అమ్మకానికి వచ్చాయి. మొదటిది కంపెనీ తప్పు. రెండోది మన దగ్గర ఇంటింటా ఉన్న జబ్బు: పెట్టెతో వచ్చిన పాస్‌వర్డును అలాగే వదిలేయడం. కేంద్రం 2025 ఏప్రిల్ 9 నుంచి సీసీ కెమెరాలకు భద్రతా పరీక్ష, సర్టిఫికెట్ తప్పనిసరి చేసింది. అది కెమెరా తయారీకి కాపలా గానీ మనం పెట్టుకునే పాస్‌వర్డుకు కాదు. పడగ్గదిలో, పూజగదిలో, పనిమనిషి బట్టలు మార్చుకునే చోట కెమెరా పెట్టి దాన్ని క్లౌడ్‌కు కలపడం అసలు బ్యాకప్ ప్రశ్నే కాదు, పెట్టకూడదు. క్లౌడ్‌కు వెళ్లాల్సింది గేటు, గుమ్మం, మేడ మీదికి మెట్లు. దొంగను పట్టించేది కూడా ఎక్కువగా ఆ మూడే.

సొంతంగా ఏర్పాటు చేసుకునేవాళ్లు పైకి పంపేముందే ఫైలును ఎన్‌క్రిప్ట్ చేయవచ్చు, అంటే పాస్‌వర్డు లేనిదే తెరుచుకోకుండా బిగించవచ్చు. ఆర్‌క్లోన్‌లో క్రిప్ట్ అన్న సదుపాయం ఉంది. ఆపిల్ హోమ్‌కిట్ సెక్యూర్ వీడియో కూడా కంపెనీ చూడలేని విధంగా బిగించి 10 రోజుల క్లిప్పులు దాస్తుంది. అయితే పాస్‌వర్డు మర్చిపోతే ఆ వీడియో యజమానికీ దక్కదు. కాగితం మీద రాసి ఆ కాగితాన్ని బీరువాలో పెట్టారంటే, బీరువాతో పాటు అదీ పోతుంది.

తర్వాత సమస్య గడియారం. గుంటూరులో అమ్మానాన్నల ఇంటికి కెమెరా పెట్టి డాలస్ నుంచి చూసుకునే కొడుకును తీసుకుందాం. జనవరి 14 తెల్లవారుజామున 2 గంటల 10 నిమిషాలకు గేటు దగ్గర ఎవరో కదిలారు. డాలస్ ఫోన్‌లో నోటిఫికేషన్ మీద 13వ తేదీ మధ్యాహ్నం 2.40 అని ఉంటుంది. క్లౌడ్‌లో ఫైలు పేరు అంతర్జాతీయ సమయంలో ఉంటే 13వ తేదీ రాత్రి 8.40. డీవీఆర్‌లో సెల్ అయిపోయి తేదీ వెనక్కి పోయి ఉంటే వీడియో మూల మీద 2000 సంవత్సరం జనవరి 1 అని కూడా పడవచ్చు. నాలుగూ ఒకే క్షణం. స్టేషన్‌లో కూర్చుని ఇది వివరించడం ఎంత టెన్షనో అనుభవించినవాళ్లకే తెలుసు. కెమెరా, డీవీఆర్ రెండింటిలోనూ ఎన్‌టీపీ (ఇంటర్నెట్ నుంచి గడియారాన్ని సరిచేసుకునే సెట్టింగ్) పెట్టి భారత సమయం ఎంచుకుంటే ఆ గొడవలో సగం తీరుతుంది. ఫైలు పేరులో ఏ సమయం పడుతోందో ఒకసారి చూసి రాసి పెట్టుకుంటే మిగతా సగం.

కోర్టు దాకా వెళితే కాపీకి కాగితం కావాలి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020 జూలైలో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో తేల్చింది. అసలు పరికరాన్నే కోర్టు ముందు పెడితే అది అక్కర్లేదంది. డీవీఆరే పోయినప్పుడు క్లౌడ్ కాపీయే మిగిలింది కాబట్టి సర్టిఫికెట్ దారే దారి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో పాత ఎవిడెన్స్ యాక్ట్‌లోని 65బీ సెక్షన్ స్థానంలో 63వ సెక్షన్ వచ్చింది. దాని నమూనా పత్రంలో రెండు భాగాలున్నాయి. ఒకటి వీడియో ఇచ్చేవాళ్లు నింపాలి, ఇంకోటి నిపుణుడు నింపాలి. ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి. హ్యాష్ అంటే ఫైలు వేలిముద్ర లాంటిది, ఒక్క చుక్క మారినా అది మారిపోతుంది. ఇక్కడే వాట్సాప్ దెబ్బ కొడుతుంది. కంగారులో క్లిప్పును కాలనీ గ్రూపులో వీడియోగా పెట్టి, అక్కడి నుంచి ఎస్సైకి ఫార్వర్డ్ చేస్తారు. వాట్సాప్ దాన్ని కుదించి కొత్త ఫైలు చేస్తుంది. ముఖం మసకబారుతుంది, పేరులోని సమయం పోతుంది, వేలిముద్ర మారుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళుతుంది. క్లౌడ్‌లో ఉన్న అసలు క్లిప్పును మాత్రం పేరు కూడా మార్చకుండా అలాగే ఉంచాలి, గడువు తీరి చెరిగిపోకుండా వేరే ఫోల్డర్‌లోకి ఒక కాపీ తీయాలి. ఈ చివరి పని మర్చిపోయి, కేసు పెట్టిన 31వ రోజున ఖాళీ యాప్ చూసుకునేవాళ్లుంటారు.

ఏర్పాటు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఒక ఆదివారం పొద్దున పది నిమిషాలు చాలు. ఒకరు గేటు దాటి గుమ్మం దాకా నడిచి రావాలి. నిమిషంన్నర ఆగి డీవీఆర్, రౌటర్ రెండింటి ప్లగ్గులూ పీకేయాలి. ఇప్పుడు ఇంట్లోని వైఫై మీద కాకుండా మొబైల్ డేటా మీద, వీలైతే వేరే ఊళ్లో ఉన్న బంధువు ఫోన్ నుంచి, ఆ నడిచొచ్చిన మనిషి ముఖం వెతకాలి. చాలా ఇళ్లలో దొరికేది ‘డివైస్ ఆఫ్‌లైన్’.